థాయ్ వాళ్ళ మధ్య కాపురం: మనసు చెడకుండా ఉండాలంటే ఏం చేయాలి

ఉద్యోగం మీద బ్యాంకాక్‌కో, రయాంగ్ ఫ్యాక్టరీలకో, చియాంగ్ మాయ్‌కో వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామందికి మొదటి రెండు మూడు నెలలు హాయిగా గడుస్తాయి. రైళ్ళు టైముకి వస్తాయి, వీధులు శుభ్రంగా ఉంటాయి, ఎదురైన ప్రతి మనిషీ నవ్వుతాడు. ఆ తర్వాత అదే నవ్వు చూస్తే ఒళ్ళు మండటం మొదలవుతుంది. "సరేనన్నాడు, చెయ్యలేదు. అదేమని అడిగితే నవ్వుతున్నాడు!" ఈ దశలో ఉన్నవాళ్ళకి "పాజిటివ్‌గా ఆలోచించండి" అని చెప్తే ఇంకా మండుతుంది. అందుకే ఇక్కడ ఆలోచనల సంగతి తక్కువ, పనుల సంగతి ఎక్కువ. పరాయి దేశంలో విసుగు చాలావరకు కాగితాలు, తిండి, మాట అనే మూడు చోట్ల పుడుతుంది. వాటిని ముందు సర్దుకుంటే మిగతావాటికి ఓపిక మిగులుతుంది.

1. కాగితాల బెంగ మొదట తీర్చుకోండి

వీసా గడువు గురించిన గుబులు మనసులో ఒక మూల ఉన్నంతకాలం ఏ ఊరూ బాగున్నట్టు అనిపించదు. ఇంట్లో దిగిన వారంలోనే ఫోన్ క్యాలెండర్‌లో ఇవి ఎక్కించండి.

టీఎం 30 అనే ఫారం: మీరు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఆ సంగతి ఇంటి ఓనరు ఇమ్మిగ్రేషన్‌కి తెలపాలి. బాధ్యత ఓనరుదే. కానీ ఆయన మరిచిపోతే తర్వాత వీసా పొడిగింపు కౌంటర్ దగ్గర నిలబడేది మీరు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే రోజే అడిగి, రసీదు కాపీ తీసి దాచుకోండి.

తొంభై రోజుల రిపోర్టు, అంటే టీఎం 47: ఎక్కడ ఉంటున్నారో ప్రతి తొంభై రోజులకీ మీరే ఇమ్మిగ్రేషన్‌కి తెలపడం. దేశంలోకి వచ్చిన రోజునుంచి లెక్క. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా ఆఫీసులో ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇచ్చేట్టయితే ఆఖరి వారం దాకా ఆగొద్దు. దాటితే మామూలుగా 2,000 బాత్ జరిమానా. మధ్యలో దేశం దాటి తిరిగొస్తే లెక్క మళ్ళీ ఒకటినుంచి మొదలవుతుంది.

రీ-ఎంట్రీ పర్మిట్: ఒకసారికైతే 1,000 బాత్, ఎన్నిసార్లయినా వెళ్ళి రావాలంటే 3,800. ఇది తీసుకోకుండా సంక్రాంతికి ఇంటికొచ్చేస్తే పొడిగించుకున్న వీసా కాస్తా రద్దయిపోతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, ముఖ్యంగా ఇంట్లో ఎవరికో బాగోలేదని హడావుడిగా బయలుదేరినప్పుడు. ఎన్నిసార్లయినా పనికొచ్చేది ఏడాది మొదట్లోనే తీసిపెట్టుకుంటే ఆ డబ్బు దండగ కాదు. తిరిగి వచ్చేటప్పుడు విమానం దిగే రోజుకు ముందు మూడు రోజుల లోపల టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. 2025 మే 1 నుంచి ఇది అమల్లో ఉంది.

ఇంకొకటి, పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారుగా ఉండటం మామూలే. దాన్ని థాయ్ లిపిలో బ్యాంకువాళ్ళు ఒకలా, లైసెన్సు ఆఫీసువాళ్ళు ఇంకోలా రాస్తారు. వర్క్ పర్మిట్‌లో థాయ్‌లో ఎలా పడిందో ఫోటో తీసుకుని, ఆ తర్వాత ప్రతిచోటా అదే స్పెల్లింగ్ చూపించండి.

ఏడాది లెక్క కూడా గుర్తుంచుకోండి. థాయ్ కాగితాల మీద బుద్ధశకం ఉంటుంది, మన సంవత్సరానికి 543 కలపాలి. 2026 అంటే 2569. పాల ప్యాకెట్ మీద చివర 69 అని ఉంటే కంగారు పడనక్కర్లేదు.

2. కడుపు సంగతి

రోజూ రాత్రి తొమ్మిదికి ఏం తినాలో తెలియక బిస్కెట్లతో పడుకునే మనిషికి ఏ దేశం మీదా మంచి అభిప్రాయం ఉండదు. దీనికి మందు ఇండియన్ రెస్టారెంట్ కాదు. ఆ ఖర్చు, ఆ నూనె రెండూ ఎక్కువకాలం భరించలేరు. వారానికి నాలుగైదు పూటలు ఇంట్లో వండుకునే ఏర్పాటు చేసుకోండి.

బియ్యం: అక్కడి జాస్మిన్ బియ్యానికి ఒకటికి రెండు నీళ్ళు పోస్తే ముద్దైపోతుంది. కుక్కర్‌లో గ్లాసుకి గ్లాసు, మహా అయితే గ్లాసుంపావు చాలు. అయినా మెత్తగానే ఉంటుంది. పప్పులోకి, పులుసులోకి పొడిపొడిగా కావాలంటే సూపర్‌మార్కెట్‌లో "ఖావ్ సావ్ హై" అని అడగండి. అన్నం కూరల కొట్లవాళ్ళు వాడే రకం ఇది. మన నోటికి జాస్మిన్ కన్నా ఇదే నచ్చుతుంది.

కూరలు: థాయ్ సంతలో మీరు గుర్తుపట్టని ఆకులే చాలావరకు మన పెరట్లో ఉన్నవే. "ఫక్ ప్లాంగ్" బచ్చలి, "ఫక్ బుంగ్" తూటికూర, "మరుమ్" మునగ, "దోక్ ఖే" అవిసె పూలు. "తమ్లుంగ్" అని కట్టలు కట్టి అమ్మేది దొండ ఆకు. వాళ్ళు కాయ జోలికి పెద్దగా పోరు, లేత ఆకు పులుసులో వేస్తారు. పొట్టు తీసిన పెసరపప్పు, చింతపండు ఏ సంతలోనైనా దొరుకుతాయి. కందిపప్పు, మినపప్పు, ఇంగువ, కరివేపాకు కావాలంటే బ్యాంకాక్‌లో పహురాత్ వెళ్ళాలి. నెలకోసారి చాలు. గోంగూర మీద మనసు పోతే మయన్మార్ కార్మికులు ఎక్కువగా ఉండే ప్రాంతాల సంతల్లో చూడండి, మహాచాయ్ లాంటివి. బర్మా వాళ్ళకీ గోంగూర ప్రాణం, వాళ్ళు "చిన్ బౌంగ్" అంటారు.

పెరుగు: కొట్లో కొనే కప్పుల పెరుగు చాలావాటిలో పంచదార ఉంటుంది. "నోమ్ జూత్" అంటే చప్పటి పాలు. అవి కొని ఇంట్లో తోడుపెట్టుకోండి. అక్కడి వేడికి నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది.

శాకాహారులకు అసలు పరీక్ష బయట తినేటప్పుడు వస్తుంది. కూరగాయల వేపుడే అడిగినా అందులో చేపల సాస్, ఆయిస్టర్ సాస్ పడతాయి. ఎర్ర, ఆకుపచ్చ కర్రీ ముద్దల్లో "కపి" అనే రొయ్యల ముద్ద ముందే కలిపి ఉంటుంది కాబట్టి ముక్కలు తీసేసి ఇమ్మంటే లాభం లేదు. "జే" అన్న మాట నేర్చుకోండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు జే కొట్టు: మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి ఏవీ ఉండవు. గుడ్డు, పాలు పరవాలేదనుకుంటే "మంగ్‌సవిరత్" అనండి. మాంసవిరతి అని గుర్తుంచుకుంటే మరిచిపోరు. మామూలు కొట్టులో అయితే "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాస్ వెయ్యొద్దని, "మై సై కుంగ్ హేంగ్" అంటే ఎండు రొయ్యలు వద్దని. వండే మనిషికి ఇది ఫోన్‌లో థాయ్ లిపిలో చూపించడం నోటితో చెప్పడం కన్నా నయం. అలా చెప్పినా ఎప్పుడో ఒకసారి పొరపాటు జరుగుతుంది. కడాయి అదే, గరిటె అదే. ఆ గరిటె తగిలినా పనికిరాదనుకునేవాళ్ళు జే కొట్లకే వెళ్ళడం మంచిది. మామూలు కొట్టువాడితో వాదన పెట్టుకుంటే ఇద్దరికీ మనస్తాపం.

3. రోజుకు పది మాటలు, ఒక కొట్టు

భాష పూర్తిగా వచ్చాక మాట్లాడదామనుకునేవాళ్ళు ఎప్పటికీ మాట్లాడరు. ఇంటి కింద ఒక కాఫీ బండినో, పళ్ళ కొట్టునో ఎంచుకోండి. రోజూ ఒకే వేళకి, ఒకే కొట్టుకి వెళ్ళండి. అయిదు బాత్ తక్కువని కొట్లు మార్చకండి. మూడు వారాలు తిరిగేసరికి మీరు నోరు తెరవకముందే మీ కాఫీ తయారవుతుంది. ఊళ్ళో మనల్ని ఎరిగిన మనిషి ఒకరున్నారన్న ధైర్యం అక్కడే మొదలవుతుంది.

వరసలు కలపడం మనకు నేర్పాల్సిన పని కాదు. థాయ్ వాళ్ళూ అదే పద్ధతి. మీకన్నా కాస్త పెద్దవాళ్ళని, ఆడయినా మగయినా, "ఫీ" అనాలి. ఇక్కడ ఎఫ్ శబ్దం కాదు, వత్తు ప. చిన్నవాళ్ళు "నోంగ్". అమ్మానాన్నల వయసువాళ్ళయితే మగవాళ్ళు "లుంగ్", ఆడవాళ్ళు "పా". ఆఫీసులో అయితే పేరుకు ముందు "ఖున్". మగవాళ్ళు ప్రతి వాక్యం చివర "ఖ్రప్", ఆడవాళ్ళు "ఖ" చేర్చాలి. అది లేకుండా ఎంత మంచి థాయ్ మాట్లాడినా పెడసరంగా వినిపిస్తుంది.

"కిన్ ఖావ్ రు యంగ్?" అంటే అన్నం తిన్నారా అని. మనం "భోంచేశారా" అన్నట్టే, మిమ్మల్ని పిలిచి పెడతారని కాదు. "పై నై?" అంటే ఎక్కడికి అని. బయలుదేరుతున్న మనిషిని ఎక్కడికని అడిగితే మనకు గిట్టదు, పని చెడుతుందంటాం. అక్కడ లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ రోజూ అడుగుతాడు. ఆరా తీస్తున్నాడని చిరాకు పడక "పై తలాత్", బజారుకి, అనేసి కదలండి. నిజంగా బజారుకే వెళ్ళాలని లేదు.

ఉచ్చారణలో మనకు సగం బలం ఉంది. క-ఖ, త-థ తేడాలు, హ్రస్వ దీర్ఘాలు మన చెవికి తెలుసు. అక్షరమాల కూడా క-ఖ-ఙ, చ-ఛ వరసలోనే సాగుతుంది కాబట్టి రోజుకు అరగంట కేటాయిస్తే బోర్డులు చదవడం రెండు మూడు నెలల పని. ఇబ్బందల్లా స్వరాలతో. అయిదు స్వరాలున్నాయి. "క్లై" సమంగా పలికితే దూరం, పైనుంచి కిందికి దించి పలికితే దగ్గర. టాక్సీలో ఇది తప్పితే ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది. కొత్త మాటను స్వరంతో కలిపి ఒకేసారి నేర్చుకోండి. స్వరం తర్వాత చూద్దామనుకుంటే ఆ "తర్వాత" రాదు.

బేరం విషయం నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. సంతలో "లోత్ దై మై?" అని నవ్వుతూ ఒకసారి అడగండి. పదో ఇరవయ్యో తగ్గిస్తే తీసుకోండి, లేదంటే నమస్కారం పెట్టి కదలండి. సగానికి అడిగి, పది నిమిషాలు లాగి, చివరికి కొనకుండా పోవడం మనవాళ్ళకు అక్కడ చెడ్డపేరు తెచ్చిన అలవాటు. తినుబండారాల దగ్గర, ధర రాసిపెట్టిన చోట బేరమే వద్దు.

4. ఆ నవ్వుని, ఆ "సరే"ని చదవడం

మనసు విరిగేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

హోటల్లో కుర్రాడు మీ చొక్కా మీద పులుసు ఒలికిస్తాడు, ఒలికించి నవ్వుతాడు. మనకది వెటకారంలా కనిపిస్తుంది. వాడికి ఆ క్షణంలో సిగ్గుతో చచ్చిపోవాలని ఉంది. నవ్వు దాన్ని కప్పుకునే పద్ధతి, మీ కోపం చల్లార్చే ప్రయత్నం. మీరు "మై పెన్ రై", పరవాలేదు, అంటే పరుగున తుడవడానికి గుడ్డ తెస్తాడు. గట్టిగా అరిస్తే అక్కడే బిగుసుకుపోతాడు, చుట్టుపక్కల వాళ్ళంతా వాడి వైపుంటారు. అరిచిన మనిషిదే తప్పన్నది అక్కడ అందరికీ తెలిసిన న్యాయం, అసలు తప్పు ఎవరిదైనా సరే.

"ఖ్రప్", "ఖ" అన్న జవాబు "చేస్తాను" అన్న మాట కాదు. చాలాసార్లు దాని అర్థం "వింటున్నాను" అని మాత్రమే. పైగా "క్రెంగ్ జై" అనే మర్యాద ఉంది: ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు, పెద్దల మాట కాదనకూడదు. మన మొహమాటానికి దగ్గరి చుట్టం, దానికన్నా లోతుగా పాతుకుపోయింది. అందువల్ల "శుక్రవారానికి అయిపోతుందా?" అని మీరడిగితే "కాదు" అన్న జవాబు రాదు. అడిగే తీరు మార్చండి.

"అయిపోతుందా?" అనకుండా "శుక్రవారం తేలికా, వచ్చే మంగళవారం తేలికా?" అని రెండు దారులివ్వండి. ఎక్కువగా రెండోదే ఎంచుకుంటారు. ఆ తేదీని నమ్మొచ్చు.

"అర్థమైందా?" అనకుండా "మొదట ఏ పని మొదలుపెడతారు?" అనండి. జవాబులో తెలిసిపోతుంది.

గడువు పది రోజులైతే నాలుగో రోజున "ఇప్పటిదాకా అయినంతవరకు చూద్దాం" అని పక్కన కూర్చోండి. అది నిఘా అనిపించకుండా ఉండాలంటే ప్రతిసారీ, అందరి దగ్గరా అలాగే చెయ్యండి.

పని ఆగిపోతే "ఎందుకు చెయ్యలేదు?" అన్న ప్రశ్నకు వచ్చేది మౌనమే. "దేనికోసం ఆగింది, నేనేం చెయ్యాలి?" అంటే అసలు కారణం బయటికొస్తుంది.

తప్పు చెప్పాల్సి వస్తే విడిగా, మెల్లగా చెప్పండి. మీటింగులో పదిమంది ముందు అంటే ఆ మనిషి మీతో మళ్ళీ మనసిచ్చి పనిచెయ్యడు. కొందరు మరుసటి నెలే ఉద్యోగం మానేస్తారు, కారణం మాత్రం "మా అమ్మకు బాగోలేదు" అనే రాస్తారు. లైన్ యాప్ గ్రూపులో తప్పు ఎత్తిచూపడమూ పదిమంది ముందు అనడమే. చెడువార్త నేరుగా రాదు. మూడో మనిషి కాఫీ దగ్గర మాటల్లో మాటగా "ఖున్ ఫలానా కొంచెం కష్టపడుతున్నట్టుంది" అంటుంది. దాన్ని చాడీ అని కొట్టిపారెయ్యకండి, మీకు పంపిన కబురు అదే.

మన హైదరాబాద్ ఆఫీసుల్లో ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడటం, గొంతు పెంచి వాదించి గంటలో కలిసి టీ తాగడం మామూలు. అక్కడ గొంతు పెరిగిందంటే సంబంధం చెడిందని అర్థం. బీటీఎస్ రైల్లో స్పీకర్ పెట్టి ఇంటికి ఫోన్ చెయ్యడం కూడా ఈ కోవలోకే వస్తుంది. ఎవరూ ఏమీ అనరు, అందరూ మనసులో రాసుకుంటారు.

5. చెయ్యకూడనివి కొన్ని

వీటిలో చాలావరకు మన ఇంట్లో నేర్పినవే: కాలు ఎవరివైపూ చాపకూడదు, చెప్పులు గుమ్మం బయట, పెద్దల ముందు నుంచి వెళ్ళేటప్పుడు కాస్త వంగాలి. మనకు కొత్తవి ఇవి. పిల్లల తల నిమరకండి. బౌద్ధ భిక్షువుని ఆడవాళ్ళు తాకకూడదు, చేతికి చెయ్యి తగిలేలా ఏమీ ఇవ్వకూడదు. దండం పెట్టడానికి మూడు ఎత్తులున్నాయి: సాటివాళ్ళకు బొటనవేళ్ళు గడ్డం దగ్గర, పెద్దలకు ముక్కు కొన దగ్గర, భిక్షువులకు కనుబొమల మధ్య. చిన్నవాళ్ళే ముందు పెట్టాలి. కొట్లో కుర్రాడికి మీరు ముందు పెడితే తికమకపడతాడు, చిరునవ్వు చాలు.

రాజకుటుంబం మీద జోకులు, వ్యాఖ్యలు ఫేస్‌బుక్‌లో కూడా వద్దు. శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. నాణెం దొర్లిపోతుంటే కాలితో తొక్కి ఆపకండి, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. ఉదయం 8కి, సాయంత్రం 6కి పార్కుల్లో, స్టేషన్లలో జాతీయగీతం వస్తే ఉన్నచోట నిలబడాలి. లుంపినీ పార్కులో సాయంత్రం పరుగెత్తే వందలమంది ఒక్కసారిగా ఆగిపోతారు. పాట అయిపోగానే ఏమీ జరగనట్టు మళ్ళీ పరుగందుకుంటారు.

"ఖేక్" అన్న మాట మీ చెవిన పడుతుంది. అతిథి అన్న అర్థంతో పాటు భారతీయులు, అరబ్బులు, మలయ్ వాళ్ళు అందరినీ కలిపి అనే మాట కూడా అదే. సీలోమ్‌లో మారియమ్మన్ గుడిని "వాత్ ఖేక్" అంటారు, థాయ్ భక్తులే అక్కడ కిటకిటలాడుతారు. కాబట్టి మాట వినగానే ఉలిక్కిపడక్కర్లేదు, అన్న తీరు చూడండి. కొందరు చిన్నచూపుతో అనేదీ ఉంది. అద్దెకు ఇల్లు అడిగితే "ఇండియన్లకు ఇవ్వం" అనే ఓనర్లూ ఉన్నారు. దాన్ని సర్దిచెప్పుకోవాల్సిన పని లేదు. వాదించి గెలిచే చోటూ కాదు. పాత ఓనరు దగ్గర్నుంచి "అద్దె సకాలంలో ఇచ్చారు, ఇల్లు శుభ్రంగా ఉంచారు" అని రెండు వాక్యాలు థాయ్‌లో రాయించి పెట్టుకుంటే తర్వాతి ఇంటికి బాగా పనికొస్తుంది. ఇంట్లో దిగిన రోజే గోడలు, గొట్టాలు, ఏసీ వీడియో తీసి ఓనరుకి పంపండి. అడ్వాన్సు వెనక్కి రాలేదన్న గొడవ ఈ వీడియోతో చాలామటుకు తీరుతుంది. కరెంటు యూనిట్ ఎంతకు వేస్తారో సంతకానికి ముందే అడగండి. ప్రభుత్వ రేటు మీద కొంత కలిపి వేసే ఇళ్ళు చాలా ఉన్నాయి.

6. పండక్కి పిలవకపోయినా చావుకు వెళ్ళండి

థాయ్ సహోద్యోగులకు దగ్గరవ్వడానికి పార్టీలకన్నా పనికొచ్చేది వాళ్ళింట్లో చావు జరిగినప్పుడు వెళ్ళడం. వాత్‌లో, అంటే బౌద్ధుల గుడిలో, వరసగా కొన్ని రాత్రులు, ఎక్కువగా మూడు, అయిదు లేదా ఏడు, భిక్షువులు మంత్రాలు చదువుతారు, తర్వాత దహనం. ఒక్క రాత్రి వెళ్ళినా చాలు. నల్ల బట్టలు వేసుకోండి. తెల్ల కవరులో డబ్బు పెట్టి, మీ పేరు రాసి కుటుంబానికి ఇవ్వండి. ఎంత అన్నది ఆఫీసులో ఒక "ఫీ"ని అడిగితే చెప్తారు. బుద్ధుడికి ముందు, తర్వాత చనిపోయినవారి ఫోటోకి అగరొత్తి వెలిగించి దండం పెట్టాలి. మంత్రాలు చదువుతున్నంతసేపూ చేతులు జోడించి కూర్చోవాలి.

మనకు ఇబ్బంది ఆ తర్వాత వస్తుంది. అక్కడ వేడి గంజిలాంటి ఖావ్ తోమ్‌గానీ, తినుబండారాల పెట్టెగానీ ఇస్తారు. చావింట్లో తినకూడదని, మైల అని మనకు పట్టింపు. వద్దంటే వాళ్ళు నొచ్చుకుంటారు. పట్టింపు గట్టిగా ఉంటే పెట్టె రెండు చేతులా తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళండి, మంచినీళ్ళు మాత్రం అక్కడ తాగండి. ఇంటికెళ్ళి స్నానం చేస్తే మీ ఆచారమూ నిలుస్తుంది, వాళ్ళ మర్యాదా నిలుస్తుంది.

పండగల్లో రెండింటికి మనకు దారి సుగమం. లోయ్ క్రతోంగ్ వాళ్ళ పన్నెండో నెల పౌర్ణమి నాడు, మామూలుగా మన కార్తిక పౌర్ణమి అదే. మనం అరటి దొప్పలో దీపం వదిలినట్టు వాళ్ళు అరటి బోదె ముక్క మీద ఆకు, పూలు, కొవ్వొత్తి, అగరొత్తులు పెట్టి వదులుతారు. థర్మాకోల్‌వి కొనకండి. సాంగ్‌క్రాన్ ఏప్రిల్ 13 నుంచి 15. వీధిలో నీళ్ళు చల్లుకోవడం ఒక భాగం, ఇంట్లో పెద్దల అరచేతుల్లో సుగంధపు నీళ్ళు పోసి దీవెన తీసుకోవడం రెండోది. వయసు మళ్ళిన ఇంటి ఓనరమ్మకో, బాస్‌కో ఇది చెయ్యండి. ఏడాది పొడుగునా మీ మీద అభిమానం ఉంటుంది.

7. ఇంట్లో ఉండే మనిషి

ఉద్యోగానికి వెళ్ళే మనిషికి ఆఫీసన్నా ఉంటుంది. వెంట వచ్చిన భార్యకో భర్తకో డిపెండెంట్ వీసా మీద పని చేసే వీలుండదు. జీతం లేని సేవకి కూడా వర్క్ పర్మిట్ అడుగుతారు కాబట్టి ఎక్కడైనా చేరేముందు కనుక్కోండి. కాండోలో ఇరవయ్యో అంతస్తులో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఒక్కరే ఉండటం తేలిక కాదు. మనసు కుంగిపోయిన కుటుంబాల్లో మూలం ఎక్కువగా ఇదే.

వచ్చిన మొదటి నెలలోనే థాయ్ క్లాసులో చేరండి, ఆన్‌లైన్‌లో కాదు, మనుషులుండే గదిలో. వారానికి మూడు రోజులైనా బయటికెళ్ళే పని ఒకటి ఖాయంగా ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకి దగ్గర్లోని పార్కుకి వెళ్ళండి. చాలా పార్కుల్లో మైకు పెట్టి ఏరోబిక్స్ చేయిస్తారు, డబ్బు అక్కర్లేదు, పేరు రాయించక్కర్లేదు, వెనక వరసలో నిలబడటమే. నాలుగో రోజుకి పక్కనున్న "పా" పలకరిస్తుంది. ఇంటి ఖర్చుల కోసం సొంత పేరు మీద బ్యాంకు ఖాతా తెరవడానికి ప్రయత్నించండి. బ్రాంచిని బట్టి కుదురుతుంది, ఒకచోట కాదంటే ఇంకోచోట అడగండి. అయితే ఎంత తెలిసినవాళ్ళు అడిగినా మీ ఖాతా వాడుకోవడానికి ఇవ్వకండి. అది నేరం.

8. "వీళ్ళింతే" బృందం

శనివారం నలుగురు తెలుగువాళ్ళు కలిసి పులిహోర తినడం మంచిదే. ఆ సాయంత్రమంతా "వీళ్ళింతే, వీళ్ళకి బుర్ర లేదు" అన్న మాటలతో గడిస్తే ఆదివారం మరింత నీరసంగా లేస్తారు. కోపం వెళ్ళగక్కడం తప్పు కాదు, గుంపుగా కలిపి అనడం చెడుపు. ఒక నియమం పెట్టుకోండి: ఫిర్యాదు మనిషి మీద, పని మీద చెయ్యాలి, జాతి మీద కాదు. "బ్యాంకులో మూడో కౌంటర్ అమ్మాయి ఫారం రెండుసార్లు రాయించింది" అనండి. అలా అన్నప్పుడు పక్కనున్నవాళ్ళు "ఆ ఫారంతో పాటు వర్క్ పర్మిట్ కాపీ కూడా పెట్టాలి" అని దారి చెప్తారు. "వీళ్ళింతే" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఒంటరిగా ఉన్నప్పుడు ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీయండి. ఏం జరిగింది, నేనేమనుకున్నాను, ఇంకేం కారణం ఉండొచ్చు. ఉదాహరణకి: "నన్ను లంచ్‌కి పిలవలేదు" / "నన్ను వేరుగా చూస్తున్నారు" / "నేను మాంసం తిననని తెలుసు, వాళ్ళు వెళ్ళేది పంది మాంసం నూడుల్స్ కొట్టు, పిలిచి ఇబ్బంది పెట్టడం ఎందుకనుకున్నారు". మూడో గడి నిజమో కాదో తేల్చడానికి మరునాడు మీరే వాళ్ళని జే కొట్టుకి పిలవండి. రాత్రి పడుకునేముందు రాస్తే నిద్ర చెడుతుంది, సాయంత్రం ఇంటికొచ్చాక రాయండి.

ఇంటికి ఫోన్ విషయం. థాయ్‌లాండ్ మనకన్నా గంటన్నర ముందు. ఇక్కడ అమ్మ రాత్రి తొమ్మిదికి తీరిగ్గా కూర్చునేసరికి మీకు పదిన్నర. రోజూ అర్ధరాత్రి దాకా సాగితే ఉదయం చిరాకు తప్పదు. వారంలో రెండు మూడు రోజులు మీ ఉదయం ఎనిమిదికి, అంటే ఇక్కడి ఆరున్నరకి మార్చుకోండి. పెద్దవాళ్ళు అప్పటికే లేచి ఉంటారు, మాటలూ క్లుప్తంగా ముగుస్తాయి.

9. మనసు కాదు, ఒళ్ళు కావచ్చు

ఉత్తరాన చియాంగ్ మాయ్ వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ కమ్ముకుంటుంది. బ్యాంకాక్‌లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి బాగుండదు. ఆ రోజుల్లో తలనొప్పి, నిద్రలేమి, ఎవరిమీదో తెలియని కోపం ఉంటే పడగ్గదికి ఎయిర్ ప్యూరిఫైయర్, బయటికి ఎన్95 మాస్కు పెట్టుకుని వారం చూడండి.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పోయి, ఏ పని మీదా ఆసక్తి లేకపోతే పై చిట్కాలతో ఆగకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పెద్ద ప్రైవేట్ ఆసుపత్రుల్లో ఇంగ్లీషు మాట్లాడే మానసిక వైద్యులు దొరుకుతారు. తెలుగులోనే చెప్పుకోవాలనిపిస్తే హైదరాబాద్, విజయవాడ డాక్టర్లతో వీడియోలో మాట్లాడొచ్చు, గంటన్నర తేడా పెద్ద అడ్డంకి కాదు. థాయ్ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 1323. అంబులెన్స్ 1669, పోలీసు 191, టూరిస్ట్ పోలీసు 1155. ఈ నాలుగూ ఇంట్లో పిల్లల ఫోన్లలో కూడా ఉండాలి.

10. సెలవు నుంచి తిరిగి వచ్చే వారం

ఇంటి దగ్గర ఇరవై రోజులుండి వచ్చాక మొదటి వారం అందరికీ గడ్డుగానే ఉంటుంది. దాన్ని ముందే సర్దండి. ఆఫీసుకి వెళ్ళే రోజుకు కనీసం ఒక రోజు ముందు దిగేలా టికెట్ తీసుకోండి. వెళ్ళేముందే ఫ్రీజర్‌లో రెండు పూటలకు సరిపడా పప్పు, చింతపండు గుజ్జు పెట్టి వెళ్ళండి. వచ్చిన రోజు సాయంత్రమే కాఫీ బండి దగ్గరికి ఒకసారి వెళ్ళి రండి. ఆఫీసుకి ఊరినుంచి ఏదో ఒకటి పట్టుకెళ్ళడం అక్కడ తప్పనిసరి మర్యాద. పూతరేకులైతే వాళ్ళకి బాగా నచ్చుతాయి, నెయ్యి తక్కువ వేసినవి అడిగి తీసుకోండి. కాజాలు పాకం కారి కంప్యూటర్ల మధ్య ఇబ్బంది పెడతాయి. ఏది కొన్నా ఒక్కొక్కటి విడిగా చుట్టి ఉన్నదే కొనండి. టీ గదిలో బల్ల మీద పెట్టి లైన్ గ్రూపులో ఒక ఫోటో పెడితే చాలు, సాయంత్రానికి పెట్టె ఖాళీ.